కరెంటు లేనప్పటి కారు

శౌరయ్య ఎవరి పేరైనా మరిచిపోతాడు గాని, గన్నవరం అచ్యుతరామారావు పేరు మాత్రం మరిచిపోడు. ఆదివారం చర్చి పూజలో మోకాళ్ళ మీద కూర్చుని, తనకు కీడు చేసినవాళ్ళందరినీ క్షమించాననుకుంటూ వరసగా తలుచుకుంటాడు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. మిలిటరీలో ఇరవై రెండేళ్ళు వైర్‌లెస్ మీద పనిచేసి రిటైరైన మనిషి. అన్నీ తెలిసిన మనిషి. తెలిసీ చెప్పలేదు. ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయేదని శౌరయ్య అడుగుతాడు. వినేవాడు దొరికితే టీ తాగించి మరీ అడుగుతాడు.

డెబ్బై నాలుగో సంవత్సరం సంగతి. శౌరయ్యకి అప్పటికి నలభై ఆరేళ్ళు. పటమటలో, ఆటోనగర్‌కి తిరిగే రోడ్డు మొదట్లో, రేడియోలు బాగుచేసే షాపు అతనిది. ఆరో తరగతిలో బడి మానేసి, వన్‌టౌన్‌లో ఒకాయన దగ్గర ఊడ్చి, నీళ్ళు మోసి, ఆయన కళ్ళు కప్పి పని నేర్చుకున్నవాడు. షాపు వెనక గోడకి ఆనుకుని జాన్‌బాబు వెల్డింగు షెడ్డు ఉంది. జాన్‌బాబు బస్సులకి బాడీలు కట్టేవాడు, శౌరయ్యని బాబాయ్ అని పిలిచేవాడు. వాడు వెల్డింగు మొదలుపెట్టినప్పుడల్లా షాపులో రేడియో గరగరలాడేది. "వీడి తస్సదియ్య" అని గొణుక్కుని శౌరయ్య దాని గొంతు పెంచేవాడు.

ఆ ఏడు ఫిబ్రవరిలో వెంకటప్పయ్య రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చాడు. వన్‌టౌన్‌లో ఆటబొమ్మల హోల్‌సేల్ షావుకారు.

"ఏవోయ్ శౌరయ్యా, మా తోడల్లుడు బొంబాయి నుంచి జపాన్ కారొకటి తెచ్చాడు. పిల్లలు ఆడుకునేది. తీగా లేదు, తాడూ లేదు. చేతిలో డబ్బా పట్టుకుని మీట నొక్కితే అదక్కడ మలుపు తిరుగుతోంది. ఎంతో తెలుసా? నాలుగొందల ఎనభై."

"దాంట్లో ఏముందండీ. డబ్బాలో చిన్న స్టేషను, కార్లో చిన్న రేడియో. అంతేగా."

"అంతేగా అంటే? నువ్వు చేస్తావా?"

"డెబ్బై రూపాయల్లో చేస్తానండీ."

అన్నాక శౌరయ్యకే తొందరపడ్డాననిపించింది. కాని మాట నోరు దాటిపోయింది. ఇరవై అయిదేళ్ళుగా ఇంకొకడు చేసినవి బాగుచెయ్యడమే తప్ప, ఇది నేను చేశాను అని చూపించడానికి అతనికి ఒక్క వస్తువు లేదు.

వెంకటప్పయ్య వేళ్ళ మీద లెక్క వేశాడు. "సరే. దసరాకి అరవై కార్లు నేనెత్తుకుంటా. ఒక్కోటి నూట పది. దానిమీద పైసా పెంచను. అడ్వాన్సు అడగమాక. ముందు ఒకటి నా కళ్ళెదురుగా తిరగాలి, నువ్వు మలగమన్న చోట మలగాలి."

కొత్త సామానుతో డెబ్బైలో అయ్యే పని కాదు. కాని శౌరయ్య అటక మీద పాత బేటరీ రేడియోలు ముప్పై దాకా ఉన్నాయి. ఊళ్ళల్లో కరెంటు రాకముందు మునసబుగార్ల అరుగుల మీద మోగినవి. ట్రాన్సిస్టర్లు వచ్చాక వాటిని ఎవరూ ముట్టుకోలేదు. బాగుచెయ్యమని ఇచ్చి తీసుకోకుండా పోయినవి కొన్ని, తూకానికి కొన్నవి కొన్ని. వాటిలోని వాల్వులు డబ్బాలోకి పనికొస్తాయి. పాడైపోయిన ట్రాన్సిస్టర్ల కడుపులో సామాను కార్లోకి పనికొస్తుంది. ఒంటికి నూనె డబ్బా రేకు. చక్రాలకి హవాయి చెప్పుల రబ్బరు గుండ్రంగా కోస్తే చాలు. మెలేసిన రబ్బరుబ్యాండు ఒకటి ముందు చక్రాలని తిప్పుతుంది. మీట ఒకసారి నొక్కితే కుడికి, రెండుసార్లు నొక్కితే ఎడమకి. ఇదంతా అతను కాగితం మీద గీయలేదు. గీయడం రాదు. బల్లమీద సామాను పరుచుకుని, జరుపుకుంటూ చూసుకున్నాడు.

మోటారు ఒక్కటే కొనాలి. ఏప్రిల్లో మద్రాసు బ్రోకరొకడు చిన్న మోటార్లు వంద తెచ్చి గవర్నరుపేట లాడ్జీలో దిగాడు. అమ్మితే వందా ఒక్కడికే అమ్ముతానన్నాడు. గుంటూరు వాళ్ళిద్దరు కొనడానికి మెట్లమీద కూర్చుని ఉన్నారు. శౌరయ్య ఆ సాయంత్రమే పామర్రు బస్సెక్కి బాబాయి కొడుకు ఇశ్రాయేలు దగ్గరికి వెళ్ళాడు. తల్లి అమలమ్మ పోతూ పోతూ ఇతనికి వదిలిన పొలం అక్కడుంది. దాన్ని ఇశ్రాయేలు పేర రాసి ఇరవై ఆరు వందలు తెచ్చాడు. దసరాలోగా డబ్బు కడితే పొలం మళ్ళీ ఇతనిది. కట్టకపోతే కాదు.

"ఒక్క కారు తిరగకముందే వంద మోటార్లెందుకయ్యా?" అంది అతని భార్య తెరేసమ్మ. మంచం కింద ఆరు అట్టపెట్టెలు చేరాయి. ఊడ్చేటప్పుడల్లా చీపురు వాటికి తగిలేది.

"అరవై పోను నలభై ఉంటై. వచ్చే ఏటికి."

"వచ్చే ఏడు సంగతి నాకు చెప్పమాక. దసరా సంగతి చెప్పు."

ఆ రోజు నుంచి శౌరయ్య క్యాలెండరు ఉన్న గోడవైపు చూడకుండా అన్నం తినడం నేర్చుకున్నాడు.

ఆ ఎండాకాలం కరెంటు కోత. పొద్దున పదింటికి పోతే సాయంత్రం నాలుగింటికి గాని వచ్చేది కాదు. కరెంటు లేకపోతే టంకం కడ్డీ వేడెక్కదు, చేస్తున్న రేడియో మోగదు. చేసే పనేమీ ఉండేది కాదు. అందుకని కారు పని రెండు ముక్కలైంది. కరెంటు ఉన్నంతసేపూ టంకాలు పెట్టడం, అది పోయాక కారుని రోడ్డుమీదికి తెచ్చి తిప్పి చూడటం. కారు నడిచేది టార్చి సెల్లుల మీద. దానికి కోతతో పని లేదు. పనివేళల్లో కరెంటున్న నాలుగు గంటలూ బంగారం, వాటిని ఆటలకి ఖర్చుపెట్టకూడదని శౌరయ్య నియమం.

జూన్ రెండో వారంలో కారు మొదటిసారి మాట విన్నది. జాన్‌బాబు కోతలో తన మిషను చల్లబడిపోవడంతో, అరుగుమీద బీడీ కాల్చుకుంటున్నాడు. కారు నేరుగా పోతోంది. శౌరయ్య మీట నొక్కాడు. కుడికి తిరిగింది. రెండుసార్లు నొక్కాడు. ఎడమకి తిరిగింది.

"బాబాయ్, నీ దుంపదెగ, దాంట్లో దెయ్యాన్నేమైనా పెట్టావా?"

"దెయ్యం లేదు, గియ్యం లేదు. అవతలుండు."

"నాకోసారియ్యి మీట."

"నీ చేతులు చూసుకో. మసి."

"బస్సులు కట్టే చెయ్యి బాబాయ్ ఇది. నీ డబ్బా కారుకి పనికిరాలేదా?"

ముప్పై గజాల దాకా మాట విన్నది. అక్కడ ఒక్క చిక్కు మిగిలింది. కారు లోపల మీట సంకేతం అందగానే చక్రాలని తిప్పించే రిలే, చిన్న పెట్టెలాంటిది, పాతది కావడంతో అప్పుడప్పుడు అంటుకుపోతోంది. అలాంటివి గన్నవరంలో అచ్యుతరామారావుగారి ట్రంకుపెట్టెలో ఉన్నాయని ఎవరో చెప్పారు. మిలిటరీ పాత సామాను వేలంలో కొని తెచ్చుకున్నాడట.

ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, శౌరయ్యని మెట్టుమీద కూర్చోమన్నాడు. రిలే ఎందుకని అడిగాడు. శౌరయ్య చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎంత దూరం పనిచేస్తోంది?"

"ముప్పై గజాలండీ."

"ఎక్కడ తిప్పుతున్నావు?"

"షాపు ముందేనండీ, కోత టయములో."

"కరెంటు ఉన్నప్పుడు తిప్పి చూశావా?"

"ఇది సెల్లుల మీద నడిచేది కదండీ. దీనికి కరెంటుతో పనేముందండీ?"

అచ్యుతరామారావు నవ్వాడు. పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వి, రిలేని పేపర్లో చుట్టి ఇచ్చి, ఆరు రూపాయలు తీసుకున్నాడు.

తిరుగు బస్సులో శౌరయ్య చెవులు కాలుతూనే ఉన్నాయి. ఆరో తరగతివాడు స్టేషను కట్టానని వస్తే పెద్ద చదువులవాళ్ళకి నవ్వురాక ఏమొస్తుంది అనుకున్నాడు. వెనక్కి వెళ్ళి ఎందుకు నవ్వారండీ అని అడగొచ్చు. చచ్చినా అడగకూడదనుకున్నాడు.

జూలై చివర్లో వానలు పట్టుకున్నాయి. ఆగస్టులో డ్యాములు నిండాయని కోత ఎత్తేశారు. పటమట మొత్తానికి పండగే. జాన్‌బాబు షెడ్డులో మూడు నెలల పని పేరుకుపోయి ఉంది, పొద్దున ఏడింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా ఆపేవాడు కాదు. శౌరయ్యకీ రేడియోలు వచ్చిపడ్డాయి.

కారుని అతను ఊక పోసిన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. డబ్బాలోవి పదిహేనేళ్ళనాటి వాల్వులు. వెలిగిన ప్రతి నిమిషమూ వాటి ఆయుష్షులో తగ్గుతుంది. షావుకారు వచ్చి చూసేదాకా వాటిని బతికించాలి. వెంకటప్పయ్య ఇవాళ వస్తా, రేపు వస్తా అని పద్దెనిమిది రోజులు తిప్పాడు. ఆ పద్దెనిమిది రోజులూ శౌరయ్య రోజుకి మూడుసార్లు తాళం తీసి కారుని చూసేవాడు. రబ్బరుబ్యాండు ఎండిపోయిందేమోనని లాగి చూసేవాడు. టంకాలు గోటితో కదిపి చూసేవాడు. సెల్లులు చెమ్మ పట్టాయేమోనని బియ్యం డబ్బాలో దాచాడు. తెరేసమ్మ గుప్పెడు బియ్యం తీయబోతే సెల్లు చేతికొచ్చింది.

"ఇవి ఉడుకుతయ్యా?" అంది.

అతనికి నవ్వు రాలేదు. అన్నిటికీ భయపడ్డాడు. వానకి, బురదకి, రోడ్డుమీద కుక్కలకి, సోడా తాగి షావుకారు లేచి వెళ్ళిపోతాడేమోనన్నదానికి. కరెంటుకి భయపడాలని మాత్రం తోచలేదు.

సెప్టెంబరు మొదటి బుధవారం, పొద్దున పదకొండు గంటలకి, వెంకటప్పయ్య రిక్షా దిగాడు. శౌరయ్య కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు. పెద్దమనిషి ముందు మర్యాదగా ఉండదని షాపులో రేడియో కట్టేశాడు. వీధివాళ్ళు పదిమంది దాకా చేరారు. కారుని రోడ్డు మధ్యలో పెట్టి, మోటారు కలిపి వదిలాడు. అది బుద్ధిగా నేరుగా కదిలింది.

"ఇప్పుడు కుడికి తిప్పుతానండీ" అని బొటనవేలు మీట మీద పెట్టాడు. ఇంకా నొక్కలేదు. కారు ఎడమకి తిరిగింది.

"కుడన్నావు" అన్నాడు వెంకటప్పయ్య.

"ఒక్క నిమిషమండీ." నొక్కాడు. కారు కుడికి తిరగబోయి, ఆగి, మళ్ళీ ఎడమకి తిరిగి, గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు నొక్కాడు, మూడుసార్లు నొక్కాడు. అది అతని మాట వినడం లేదు. ఇంకెవరి మాటో వింటున్నట్టు, వణుకుతూ, చక్రాలు అటూ ఇటూ కొట్టుకుంటూ, నేరుగా షావుకారు కుర్చీ కిందికి వచ్చింది. వెంకటప్పయ్య పంచె పైకి లాక్కుని కాళ్ళు ఎత్తాడు. జనం నవ్వారు. కారు కుర్చీ దాటి వెళ్ళి మురుగుకాలవలో పడింది.

శౌరయ్య కాలవలోకి దిగి తీశాడు. లుంగీతో తుడిచాడు. టంకం ఊడి ఉంటుందని, కారుని వెల్లకిలా పట్టుకుని లోపలికి చూశాడు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మీట ఉన్న డబ్బా అక్కడ బల్లమీద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా అతని చేతుల్లో ముందు చక్రాలు టక్కున తిరిగాయి. కాసేపాగి మళ్ళీ టక్కున తిరిగాయి.

తల ఎత్తాడు. గోడ వెనక షెడ్డు రేకుల మీద నీలం వెలుగు తళుక్కుమంది. చక్రాలు తిరిగాయి. వెలుగు ఆగింది. చక్రాలు ఆగాయి.

ఇరవై అయిదేళ్ళుగా వింటున్న గరగర. అది రేడియోలో వినపడుతుంది గనక తెలుసు. కారుకి నోరు లేదు గనక తెలియలేదు. మూడు నెలలు తన కారు ఎదుట బీడీ కాలుస్తూ కూర్చున్నవాడి మిషను, ఆ కోత వేళలన్నిటా చల్లగా ఉంది.

పరుగెత్తుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు. "ఆపరా, జానూ, ఆపు."

"సాయంత్రానికి బస్సియ్యాలి బాబాయ్."

"నీ కాళ్ళు పట్టుకుంటారా. అయిదు నిమిషాలు."

జాన్‌బాబు మొహానికున్న నల్లద్దం తీసి ఇతన్ని చూశాడు. ఏమీ అడక్కుండా మిషను కట్టేశాడు.

తరువాత కారు తిరిగిన తీరు పటమటలో చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కుడన్నచోట కుడి, ఎడమన్నచోట ఎడమ. ఎనిమిది అంకె వేసింది. రిక్షా చక్రాల మధ్యనుంచి దూరి వచ్చింది. శౌరయ్య చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

వెంకటప్పయ్య చివరిదాకా చూశాడు. సోడా సీసా కింద పెట్టాడు.

"బాగుంది. నీ చేతిలో పనుంది, కాదనను. మరి ఇప్పుడు నాకు చెప్పు. అరవై మందికి అమ్ముతా. ప్రతివాడింటి వెనకా వెల్డింగు నువ్వెళ్ళి ఆపిస్తావా?"

"అందరిళ్ళ దగ్గరా వెల్డింగు ఉండదు కదండీ."

"పిండిమర ఉంటది. స్కూటరుంటది. స్టార్టరు పాడైన ట్యూబులైటు ఉంటది. నా రేడియో ఎన్నిటికి గరగరమంటదో నీకే బాగా తెలుసు. నాకు బాగుచేసిచ్చింది నువ్వేగా."

శౌరయ్య కారుని చంకలో పెట్టుకున్నాడు.

"ఒక పని చెయ్యి. మళ్ళీ కోత పెట్టినప్పుడు కబురు చెయ్యి" అని నవ్వుతూ రిక్షా ఎక్కాడు. ఆ నవ్వులో విషమేమీ లేదు. సోడా డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

మర్నాడు శౌరయ్య గన్నవరం వెళ్ళాడు. ఈసారి మెట్టుమీద కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాడు.

అచ్యుతరామారావు పేపరు మడిచాడు. "నేను అడిగానుగా నిన్ను? కరెంటు ఉన్నప్పుడు తిప్పావా అని."

"అడిగారు. ఎందుకో చెప్పలేదు."

"నువ్వు ఎందుకని అడగలేదు."

"మీరు నవ్వారండీ."

"నువ్వు హాస్యానికి అన్నావనుకున్నానయ్యా. సెల్లుల మీద నడిచేదానికి కరెంటుతో పనేముందని. ఇన్నేళ్ళుగా రేడియోలు చేస్తున్నవాడివి. వెల్డింగు కొడితే రేడియో గరగరమంటుందని నేను నీకు చెప్పాలా? చెబితే, నాకేం తెలియదనుకున్నారా అని నువ్వే అనేవాడివి."

అనేవాడే. ఆ సంగతి శౌరయ్యకి తెలుసు. అయినా ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. తెలిసినవాడు చెప్పాలి. ఎదుటివాడికి తెలుసనుకోవడం తెలిసినవాడి పని కాదు.

"దీనికి మందు లేదాండీ?"

"ఎందుకు లేదు? ఇప్పుడు నీ కారు ఎవరు అరిచినా పలుకుతోంది. మీట నొక్కినప్పుడు ఒక ఈల వేయించాలి. కార్లో ఆ ఈలకి తప్ప పలకనిది ఒకటి పెట్టాలి. నేను చేయిస్తాను. నలభై రూపాయలవుతుంది."

"కారు కారుకీనా?"

"కారు కారుకీ."

డెబ్బైకి నలభై కలిపితే నూట పది. షావుకారు నూట పది మీద పైసా పెంచనన్నాడు. శౌరయ్య దణ్ణం పెట్టి వచ్చేశాడు. వాకిట్లో వెనకనుంచి ఆయన "అరువుగా ఇస్తానయ్యా, తరువాత చూసుకుందాం" అన్నాడు. శౌరయ్య వెనక్కి తిరగలేదు. అరువు చేసి కారు కారుకీ రూపాయి మిగలని బేరానికి దిగడం కంటే, ఆ మనిషి చేత మరోసారి నవ్వించుకోకుండా ఉండటమే నయమనుకున్నాడు.

మోటార్లు ఆటోనగర్‌లో వచ్చినకాడికి అమ్మితే తొమ్మిది వందలు వచ్చాయి. దసరాకి నాలుగు రోజుల ముందు ఆ తొమ్మిది వందలూ జేబులో పెట్టుకుని పామర్రు వెళ్ళాడు. ఇశ్రాయేలు పొలం గట్టు మీద ఉన్నాడు. వరి పొట్టకొచ్చింది. నాటించింది ఇశ్రాయేలు, ఎరువు వేసింది ఇశ్రాయేలు.

"వచ్చే దసరా దాకా ఆగరా" అన్నాడు శౌరయ్య.

"ఆగొచ్చన్నయ్యా. కాని నేనూ మా కోడలి నగలు కుదువ పెట్టి నీకు తెచ్చిచ్చా. కాగితంలో ఈ దసరా అని రాసింది నువ్వే."

"తొమ్మిదొందలున్నై. ఇప్పుడు తీసుకో."

"తొమ్మిదొందలకి ఎన్ని సెంట్లు తెంపమంటావు?" ఇశ్రాయేలు గొంతులో కోపం లేదు. "ఆ డబ్బు వదినకియ్యి. పద, ఇంటికెళ్ళి అన్నం తిని పోదువుగాని."

శౌరయ్య అన్నానికి ఆగలేదు. గట్టు మీద నిలబడి ఈ చివరనుంచి ఆ చివరకి చూశాడు. చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. పంటబోదెకి పడమర, గొల్లవాళ్ళ దిబ్బకి తూర్పు, ముప్పై రెండు సెంట్ల మాగాణి.